ఇల్లు కొని మోసపోతే ఏ గడప ఎక్కాలి? రెరా, వినియోగదారుల కమిషన్, సివిల్ కోర్టు, పోలీసులు: ఏది మేలు?

మోసం బయటపడగానే చాలామంది పరుగెత్తేది పోలీస్ స్టేషన్‌కే. అక్కడ ‘ఇది సివిల్ మ్యాటర్’ అనిపించుకుని, పెద్దమనుషుల పంచాయితీలతో ఏడాదో రెండేళ్లో పోగొట్టుకుంటారు. ఈలోగా గడువులు కరిగిపోతాయి. ముందు తేల్చుకోవాల్సినవి రెండే: అమ్మింది బిల్డరా, మామూలు మనిషా? మీకు కావాల్సింది డబ్బా, ఇల్లా, ఆ దస్తావేజు రద్దా?

బిల్డర్ దగ్గర ఫ్లాటో, వెంచర్‌లో ప్లాటో కొంటే మొదట చూడాల్సింది రెరానే (స్థిరాస్తి నియంత్రణ సంస్థ). స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరాలో నమోదు అక్కర్లేదు. అంతకు మించినవి నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం కూడా నేరమే. నమోదుకు ముందే అమ్మే ప్రీలాంచ్ ఆఫర్లన్నీ ఈ గీత దాటినవే. 2016 రెరా చట్టం సెక్షన్ 12 ప్రకారం బ్రోచర్, ప్రకటన, మోడల్ ఫ్లాట్ నమ్మి డబ్బు కట్టాక అది అబద్ధమని తేలితే నష్టపరిహారం వస్తుంది, తప్పుకుంటే కట్టిందంతా వడ్డీతో తిరిగి వస్తుంది. చెప్పిన తేదీకి ఇల్లు అప్పగించకపోతే సెక్షన్ 18 ఉంది. ఆలస్యం జరిగితే డబ్బు వాపసు కోరడం షరతుల్లేని హక్కని 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) లోపం వల్ల నష్టపోతే పరిహారానికి కాలపరిమితే అడ్డురాదు. ఈ వెసులుబాటు మరే గడప దగ్గరా దొరకదు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, అన్నీ ఒకే దరఖాస్తులో కుక్కడం. వాపసు, వడ్డీ అడగాల్సింది రెరా అథారిటీని. నష్టపరిహారం తేల్చేది రెరా చట్టం కిందే ఉండే అడ్జుడికేటింగ్ ఆఫీసర్. దరఖాస్తులు వేర్వేరు. ఆర్డర్ మీద బిల్డర్ అప్పీలుకు వెళ్లాలంటే మీకు రావాల్సిన మొత్తం ముందు అప్పీలు ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. కొనుగోలుదారుకు ఇది పెద్ద అండ. అప్పీలుకు వెళ్లకుండా, డబ్బూ కట్టకుండా కూర్చునే బిల్డర్‌తోనే అసలు చిక్కు. అప్పుడు భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేయాలి. ఆస్తులన్నీ అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉంటే ఆర్డర్ కాగితంగానే మిగులుతుంది. అందుకే ఫిర్యాదుతోపాటే మధ్యంతర ఉత్తర్వు కూడా అడగాలి.

తెలంగాణలో 2017 జనవరి 1కి ముందు అనుమతులు వచ్చిన ప్రాజెక్టులు రెరా కిందికి రావు. అలాంటప్పుడు వినియోగదారుల కమిషనే దారి. మీరు చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. మీరు ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. బిల్డర్ వేరే నగరంలో ఉంటే ఇది ఎంతో మేలు. గడువు రెండేళ్లే, అయితే ఇల్లు అప్పగించనంత కాలం వ్యాజ్య కారణం (కేసు వేయడానికి ఆధారం) కొనసాగుతున్నట్టే లెక్క. లేఅవుట్ వేసి రోడ్లు, డ్రైనేజీ ఇస్తామని అమ్మిన ప్లాటు ‘సేవ’ కిందికే వస్తుందని 2012లో నార్నే కన్‌స్ట్రక్షన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్త భూమి అమ్మకమైతే రాదు. రెరా ఉన్నంత మాత్రాన కమిషన్ తలుపు మూసుకోదు, కానీ ఒకే కోరికతో రెండు చోట్లా కేసు నడపలేరు.

అమ్మింది పక్కవీధి ఆసామి అయితే ఈ రెండూ పనికిరావు, సివిల్ కోర్టే. మీ సేల్ డీడ్ తీసి చూడండి: ‘ఈ ఆస్తిపై ఏ విధమైన తగాదాలు, అప్పులు, జప్తులు లేవు, ఉన్నచో నా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడను’ అన్న వాక్యం ఉంటుంది. దావాకు అదే పునాది. అది లేకపోయినా, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, టైటిల్ తనదేనన్న హామీ ఇచ్చినట్టే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 లెక్కగడుతుంది. మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలి.

కానీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో ఒక మెలిక ఉంది. అమ్మినవాడు తెలిసి పచ్చి అబద్ధం ఆడితే ఒప్పందం రద్దు కోరవచ్చు. నోరు మెదపకుండా దాచినా, తానూ నిజమని నమ్మి తప్పు చెప్పినా మాత్రం, ‘మామూలు జాగ్రత్తతో మీరే తెలుసుకోగలిగేవారు కదా’ అని తేలితే రద్దు దొరకదు. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయకుండా, 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల పట్టిక) చూడకుండా, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) అడగకుండా కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఈసీ తీసినా సరిపోదు: రిజిస్టర్ కాని అగ్రిమెంట్, వీలునామా, కోర్టులో నడిచే భాగపంపిణీ దావా అందులో కనబడకపోవచ్చు.

పోలీసు కేసు ఎప్పుడు? ఫోర్జరీ, ఒకరి బదులు మరొకరు వచ్చి సంతకం చేయడం, ఒకే స్థలం ఇద్దరికి అమ్మడం జరిగినప్పుడు. మోసం చేయాలన్న ఉద్దేశం మొదటి నుంచీ ఉందని కాగితమే చెప్పాలి. మీ అగ్రిమెంట్ జూన్‌లో రాసుకుంటే, అదే ప్లాటు మార్చిలోనే మరొకరికి రిజిస్టర్ అయినట్టు ఈసీలో ఉంటే ‘సివిల్ మ్యాటర్’ అని తోసేయడం కష్టం. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఎస్సై కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. అయితే ఎఫ్ఐఆర్ దస్తావేజును రద్దు చేయదు, డబ్బూ తెచ్చిపెట్టదు. సివిల్ దావా పక్కన నడవాల్సిందే.

నగదుగా ఇచ్చిన సొమ్ము దగ్గర అన్ని గడపలూ ఇరుకే. 70 లక్షల ఇంటిని 40 లక్షలకు రిజిస్టర్ చేయించుకుని మిగతా 30 చేతికిస్తే, తిరిగి వచ్చేదానికి లెక్క ఆ 40 నుంచే మొదలవుతుంది. బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు ఉన్న ఫోన్ మార్చకండి. వాటి ప్రింటును కోర్టు చూడాలంటే సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.