లగూన్ 380 సెకండ్ హ్యాండ్ రివ్యూ: సామాను లిస్టు కన్నా సామాను వయసు చూడండి

మట్టపల్లి దగ్గర బల్లకట్టు మీద కృష్ణ దాటినవాళ్లకు కాటమరాన్ సంగతి సగం తెలిసినట్టే. రెండు పడవలను ఎడంగా పెట్టి పైన బల్లలు పరిస్తే, బండి ఎక్కించినా అది ఒరగదు. అదే లెక్కను ఫైబర్‌లో పోసి, మధ్యలో హాలు, వంటిల్లు, రెండు పక్కల పొట్టల్లో పడకగదులు పెట్టి, పైన తెరచాప కడితే సముద్రం మీద కాపురం ఉండే పడవ అవుతుంది. కాటమరాన్ అనే మాట తమిళ కట్టుమరం నుంచి ఇంగ్లీషులోకి పోయింది. ఆ కట్టుమరమేమో దుంగలు కట్టిన తెప్ప. పేరు తప్ప దానికీ దీనికీ చుట్టరికం పెద్దగా లేదు.

లగూన్ ఇలాంటి పడవలు చేసే ఫ్రెంచ్ కంపెనీ. 380 మోడల్ 2000 ప్రాంతంలో వచ్చి దాదాపు రెండు దశాబ్దాలు తయారైంది. వందల సంఖ్యలో అమ్ముడుపోయింది కాబట్టి పార్టులు దొరకడం, మెకానిక్‌కు తెలిసి ఉండడం దీని మొదటి సుగుణం. పొడవు 11.55 మీటర్లు, వెడల్పు 6.53 మీటర్లు, నీటిలో మునిగే లోతు 1.15 మీటర్లు, ఖాళీ బరువు ఏడు టన్నుల పైచిలుకు. మంచినీళ్లు 600 లీటర్లు, డీజిల్ 200 లీటర్లు పడతాయి. రెండు పొట్టల్లో రెండు డీజిల్ ఇంజన్లు, ఒక్కోటి 20 నుంచి 30 గుర్రాల శక్తి. గదులు మూడున్నదీ నాలుగున్నదీ రెండు రకాలు. నాలుగు గదులదైతే అది చాలావరకు కిరాయికి తిరిగిన పడవ. కాపురానికి మూడు గదులదే మేలు, సామాను పెట్టుకునే చోటు అందులోనే ఉంటుంది.

నడక గురించి ఆశలు పెంచుకోవద్దు. మంచి గాలిలో 6–7 నాట్లు, అంటే గంటకు పదకొండు నుంచి పదమూడు కిలోమీటర్లు. ఆ లెక్కన నల్గొండ నుంచి హైదరాబాద్‌కు ఎనిమిది గంటలు. ఎదురుగాలికి పోవాలంటే బద్ధకిస్తుంది. రెండు పొట్టల మధ్యనున్న నేలకూ నీటికీ ఎడం తక్కువ, అందుకే ఎదురు అలలకు అడుగున దబదబా కొడుతుంది. గాలి వెనకనుంచో పక్కనుంచో వీచేటప్పుడు మాత్రం టీ గ్లాసు టేబుల్ మీద పెట్టి వదిలేయొచ్చు.

వయసునూ పరికరాలనూ బట్టి ఒకటిన్నర నుంచి రెండున్నర లక్షల యూరోల మధ్య ప్రకటనలు కనిపిస్తాయి. ఓడల మీద పనిచేసి రిటైరయ్యేవాళ్లు, పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు మన జిల్లాల నుంచీ ఈ ప్రకటనలు చూస్తున్నారు. వాటన్నిటిలో ఒకటే మాట: ఫుల్లీ ఎక్విప్డ్, ఇల్లు వదిలి ఎక్కడమే ఆలస్యం. సోలార్, లిథియం బ్యాటరీలు, సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే వాటర్‌మేకర్, ఆటోపైలట్, రాడార్, ఫ్రీజర్, ఒడ్డుకు పోవడానికి డింగీ అనే చిన్న పడవ, ఆపదలో ఎక్కే లైఫ్‌రాఫ్ట్ అంటూ రెండు పేజీల లిస్టు. ఆ లిస్టు చూసి రేటు కట్టడమే చాలామంది చేసే తప్పు. ప్రతి వస్తువు పక్కనా బిగించిన ఏడాది రాసివ్వమనండి, బిల్లులతో సహా. రాసివ్వనంటే ఆ వస్తువు విలువ సున్నా అనుకుని బేరం మొదలుపెట్టండి.

ముందు నీళ్ల ముచ్చట. నల్గొండ వాళ్లకు ఆర్వో గురించి కొత్తగా చెప్పేదేముంది? ఫ్లోరైడ్ నీళ్లతో తరాలుగా వేగిన జిల్లా. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరి అనే పరిశోధన సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. ఊళ్లో ఆర్వో ప్లాంటు నడిపినవాడికి పడవ మీది వాటర్‌మేకర్ పది నిమిషాల్లో అర్థమవుతుంది. అదే మెంబ్రేన్, అవే ఫిల్టర్లు, తేడా అంతా ఒత్తిడిలో. బోరు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, వెయ్యో రెండు వేలో ఉంటుంది, ఇంటి ఆర్వోకు 70–80 పీఎస్ఐ చాలు. సముద్రపు నీళ్లలో అది 35 వేలు. ఆ ఉప్పును దాటించాలంటే 800 పీఎస్ఐ దాకా కావాలి. అంత ఒత్తిడికి పంపు సీళ్లు, హోస్ జాయింట్లు అరుగుతాయి. తెల్లటి ఉప్పు చారలు ఎక్కడ కనిపిస్తే అక్కడ కారుతోందని గుర్తు.

పరీక్ష ఇలా చేయాలి. హార్బర్‌లో వద్దు, అక్కడి నీళ్లలో డీజిల్ జిడ్డు ఉంటుంది, మెంబ్రేన్ పాడవుతుంది. బయటి సముద్రంలోకి పోయాక అరగంట నడపమనండి. మొదట వచ్చే నీళ్లు పారబోసి, తర్వాతి నీళ్లలో ఇంటినుంచి తెచ్చుకున్న టీడీఎస్ మీటరు పెట్టండి. 500 లోపు రావాలి. తర్వాత 20 లీటర్ల క్యాన్ కింద పెట్టి ఫోన్‌లో టైము చూడండి. గంటకు 60 లీటర్లని లిస్టులో రాస్తే క్యాన్ 20 నిమిషాల్లో నిండాలి. అరగంట పడితే మెంబ్రేనో పంపో అయిపోవచ్చింది. ఇక మెంబ్రేన్‌ను చంపేది ఎక్కువగా క్లోరిన్. వాడని రోజుల్లో వారానికోసారి మంచినీళ్లతో కడగాలి, ఆ మంచినీళ్లు రేవులో పట్టిన మున్సిపల్ నీళ్లయితే కార్బన్ ఫిల్టర్ గుండా పోవాలి. నెలల తరబడి ఆపితే సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణంతో నింపి ఉంచాలి. "రెండేళ్లుగా వాడలేదు, కొత్తదానిలాగే ఉంది" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. మందు నింపిన రికార్డు లేకపోతే అది కొత్తది కాదు, కుళ్లింది.

కరెంటు లెక్క అమ్మేవాళ్లు చెప్పరు, మనమే వేసుకోవాలి. ఫ్రిజ్, ఫ్రీజర్, లైట్లు, నావిగేషన్, లాప్‌టాప్, రోజూ కాసేపు వాటర్‌మేకర్ కలిపి 12 వోల్టుల మీద రోజుకు 200 యాంపియర్ అవర్ల దాకా గుంజుతాయి. 400 యాంపియర్ అవర్ల ఏజీఎం (సీలు చేసిన లెడ్ యాసిడ్) బ్యాటరీలుంటే సగానికి మించి దించకూడదు, అంటే చేతికొచ్చేది 200. మబ్బు పట్టిన రెండో రోజుకు ఇంజన్ వేయాల్సిందే. అదే 400 లిథియంలో 320 వాడుకోవచ్చు. సోలార్ 800 వాట్లుంటే మన ఎండకు రోజుకు 240 దాకా వస్తుంది, అది కూడా తెరచాప అడుగు దూలం (బూమ్) నీడ ప్యానెల్ మీద పడకపోతేనే. పొలంలో సోలార్ పంపు పెట్టుకున్నవాళ్లకు తెలుసు, ఒక మూల నీడ పడితే మొత్తం ప్యానెల్ మొరాయిస్తుంది.

లిథియం దగ్గర ఒక మెలిక ఉంది. అది ఇచ్చినంత కరెంటూ తాగేస్తుంది. ఇంజన్ మీది మామూలు ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే అది ఆగకుండా పూర్తి లోడు మీద నడిచి కాలిపోతుంది. మధ్యలో రెగ్యులేటరో డీసీ–డీసీ ఛార్జరో ఉందా చూడండి. అమ్మేవాడే సొంతంగా బిగించుకున్నది, కాగితం లేనిదైతే ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోకపోవచ్చు.

ఇంజన్ల పరీక్ష ట్రాక్టర్ కొన్నట్టే. మీరు పోయేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి, చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారు, పొద్దున మొరాయించే రోగాన్ని దాచారు. పొగ నల్లగా వచ్చి ఆగకపోతే ఇంజెక్టర్ లోపమో గాలి తక్కువో, నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, తెల్లగా వచ్చి పోకపోతే నీళ్లో కాలని డీజిలో. గొట్టం నుంచి పొగతో పాటు నీళ్లు కూడా దండిగా చిమ్మాలి. నీళ్లు సన్నగా వస్తుంటే నీళ్లు తోడే ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉంటాయి, లేదా పొగా నీళ్లూ కలిసే మలుపు గొట్టం మసితో పూడిపోయి ఉంటుంది. మీటరు గంటలు మరీ తక్కువుంటే సంతోషపడొద్దు. పదిహేనేళ్లలో 400 గంటలే తిరిగిన ఇంజన్ ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. ఒక ఇంజన్‌కు 900, రెండోదానికి 2,100 గంటలుంటే మొదటిది ఎందుకు ఆపి ఉంచారో అడగండి.

పడవను నెట్టే ఫ్యాన్ (ప్రొపెల్లర్) ఉండేది సెయిల్‌డ్రైవ్ అనే కాలు చివర. ఆ కాలు పడవ అడుగులోని రంధ్రం గుండా కిందికి దిగుతుంది, రంధ్రాన్ని మూసేది ఒక రబ్బరు డయాఫ్రమ్. అది చినిగితే పొట్టలోకి సముద్రమే. ఇంజన్ వోల్వోదైతే ఆ కంపెనీ దాన్ని ఏడేళ్లకోసారి మార్చమంటుంది. మార్చాలంటే పడవను నీళ్లలోంచి తీసి కాలును విడదీయాలి, ఈ పడవకు రెండు ఇంజన్ల పని. తారీఖు లేకపోతే మార్చలేదనే లెక్క. కాలులోని ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. పాలు కలిపిన చాయలా ఉంటే కింద సీలు పోయి నీళ్లు కలిశాయి. కాలుకు బదులు తాను అరిగే జింక్ ఆనోడ్ ముక్క సగానికి పైగా అరిగిపోయి ఉంటే దాన్ని పట్టించుకోలేదన్నమాట. దాని వంతు అయిపోయాక ఉప్పునీళ్లు అల్యూమినియం కాలునే తినడం మొదలుపెడతాయి.

ఒంటిని కుండ కొట్టినట్టు కొట్టి చూడాలి. డెక్ ఫైబర్ పొరల మధ్య బాల్సా కర్ర ఉంటుంది. రెయిలింగ్ కాళ్లు, కిటికీలు, తాళ్లు లాగే వించ్‌లు బిగించిన బోల్టుల చుట్టూ సీలెంట్ ఎండితే వాన నీళ్లు దిగి ఆ కర్ర మెత్తబడుతుంది. చిన్న ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడుకు తట్టుతూ పోతే గట్టిచోట టక్కున మోగుతుంది, తడిచోట మొద్దుగా పలుకుతుంది. అరచేయంత మచ్చ అయితే బేరానికి పనికొస్తుంది. తెరచాప స్తంభం కింద గనక మొద్దుగా పలికితే తిరిగి చూడకుండా వచ్చేయండి. స్తంభాన్ని పట్టి నిలిపే స్టీలు తీగలకు ఇన్సూరెన్స్ వాళ్లు పదేళ్లు, మహా అయితే పన్నెండేళ్లు ఆయుష్షు ఇస్తారు. గుడ్డతో తుడిచినప్పుడు దాని పోగు చిక్కుకుంటే అక్కడ తీగ విరిగినట్టే.

ఇక బరువు. కాటమరాన్‌కు ఊబకాయం పనికిరాదు. నీళ్లు నిండితేనే 600 కిలోలు. దానిమీద జనరేటర్, వాషింగ్ మెషీన్, స్కూబా సిలిండర్లు, విడిభాగాలు చేరితే పడవ దిగుతుంది, అడుగు కొట్టుడు ఎక్కువవుతుంది, నడక మందగిస్తుంది. అడుగున పూసే నాచు నిరోధక రంగు ఎక్కడిదాకా ఉందో చూడండి. అసలు గీత కన్నా పైకి పూసి ఉంటే యజమాని బరువుకు లొంగి రంగు ఎత్తు పెంచాడు. సగం సామాను దించేస్తే తప్ప ఆ పడవ కంపెనీ చెప్పినట్టు నడవదు. ఈ లెక్కన లిస్టు పొడవైన కొద్దీ ధర తగ్గాలి, బజారులో మాత్రం పెరుగుతుంది!

మిగతావి చకచకా. లైఫ్‌రాఫ్ట్‌కు సాధారణంగా మూడేళ్లకోసారి సర్వీస్, డబ్బా మీద తారీఖు ఉంటుంది. ప్రమాద సంకేతమిచ్చే ఈపర్బ్ పాత యజమాని పేరుమీదే ఉండిపోతుంది, కొన్న వారంలో మన పేరుకు మార్చకపోతే ఆపదలో ఫోన్ ఆయనకు పోతుంది. డింగీ పీవీసీదైతే ఎండకు కొన్నేళ్లలోనే జిగురు వదులుతుంది, హైపలాన్‌ది నిలుస్తుంది. గ్యాస్ గదికి అడుగున బయటికి కన్నం ఉండాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుక్కు చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. మన 14.2 కిలోల సిలిండర్ ఆ గదిలో పట్టదు.

కాగితాల్లో మనవాళ్లు దెబ్బతినే అవకాశం ఎక్కువ. భూమికి ఈసీ తీసినట్టు పడవ కుదువలో ఉందా, రేవు కిరాయి, యార్డు బిల్లులు బాకీ ఉన్నాయా అని తీయాలి. ఆ బాకీలు మనిషిని కాదు, పడవను పట్టుకుని వస్తాయి. యూరప్‌లో ఉన్న పడవకు వ్యాట్ కట్టిన రుజువు, పాత రిజిస్ట్రేషన్ రద్దు పత్రం అడగాలి. పద్ధతి ఏమిటంటే, ధర కుదిరాక పది శాతం బయానా నేరుగా యజమానికి ఇవ్వకుండా బ్రోకర్ ట్రస్ట్ ఖాతాలో వేస్తారు, తర్వాత సర్వే (నిపుణుడి తనిఖీ), సముద్రంలో ట్రయల్. సర్వే నచ్చకపోతే బయానా వాపస్ అని అగ్రిమెంటులో రాసుండాలి. సర్వేయర్ ఖర్చు మనదే, కాబట్టి మనిషి కూడా మనవాడే కావాలి. బ్రోకర్ చూపించిన సర్వేయర్ వద్దు. బ్రోకర్ కమీషన్ అమ్మేవాడిది, సాధారణంగా పది శాతం దగ్గర.

"సాగర్‌లో తిప్పుకోవచ్చా?" అనేది మన దగ్గర అందరూ అడిగేదే. కుదరదు. 6.53 మీటర్ల వెడల్పంటే రెండు వరుసల రోడ్డంతా అదే. నది మీదుగా ఎక్కిద్దామంటే మధ్యలో ఆనకట్టలు. ఐదంతస్తుల ఎత్తు స్తంభానికి కరెంటు తీగలు అడ్డం. ఎగువన శ్రీశైలం జలాశయంలో సోమశిల దగ్గర వేసవికి నీళ్లు దిగి సంగమేశ్వరం గుడి బయటపడే చోట ఎక్కడ రాయి ఉందో పుట్టి వేసేవాళ్లకే ఎరుక, ఈ కాళ్లతో అటు పోతే ఒక్క దెబ్బకు సెయిల్‌డ్రైవ్ ఊడొచ్చు. మనకు దగ్గరి తీరమైన సూర్యలంక, మచిలీపట్నం వైపు ఇలాంటి పడవను కట్టేసి ఉంచే రేవు (మెరీనా) లేదు, కొచ్చి బోల్గాట్టి దాకా పోవాలి. దేశంలోకి తెస్తే కస్టమ్స్‌కు తోడు 2025 సెప్టెంబర్ నుంచి యాట్‌ల మీద జీఎస్టీ 40 శాతం. ఉన్న దేశంలోనే ఉంచి, ఏడాదిలో ఆరు నెలలు పోయి ఉండేవాళ్లకే ఇది లెక్క కుదురుతుంది.

నిర్వహణకు ఏటా ధరలో పదో వంతు పక్కన పెట్టుకోమని ఈ రంగంలో పాతవాళ్లు చెబుతారు. పదేళ్లు దాటిన తీగలు, తారీఖు లేని డయాఫ్రమ్‌లు, ముసలి బ్యాటరీలు ఉన్న పడవకు మొదటి ఏడాది అది చాలదు. వాటి కొటేషన్లు అదే రేవులో రాయించుకుని, మొత్తాన్ని అడిగిన ధరలోంచి తీసేసి ఆఫర్ పెట్టండి. తీగలు, డయాఫ్రమ్‌లు కొత్తవై, లిస్టులో వాటర్‌మేకర్ కూడా లేని పడవ దొరికితే దానికే ఎక్కువ ఇవ్వండి. వాటర్‌మేకర్‌ను మనకు కావాల్సిన సైజులో తర్వాత బిగించుకోవచ్చు.