దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక అక్వేరియం షాపు: ఫిల్టరుకి నాలుగు స్టార్లు, పసుపు పొడికి సున్నా

షాపు పేరు రాయను. ఇలాంటివి ఆ వైపు చాలానే ఉన్నాయి.

ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని మా అత్తయ్య పట్టు. మార్చిలో వెళ్ళి, చెవి దగ్గర ఎర్ర చార ఉన్న పిల్లని ఒకటి తెచ్చాం. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, అంతే. తాబేలు 350. ట్యాంకు, ఫిల్టరు, యూవీ బల్బు కలిపి 4,200. ఫిల్టరు ఇప్పటికీ చప్పుడు లేకుండా నడుస్తోంది. ట్యాంకు ఒక్క చుక్క కారలేదు. నక్షత్ర తాబేలు కావాలని వచ్చినాయన్ని "అది వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ వన్ అన్నా, జైలుకి పోతాం" అని నా ముందే పంపించేశాడు. ఆ మాత్రం భయం ఉన్నందుకు మెచ్చుకున్నాను.

"ఎప్పటికీ ఇంతే ఉంటుంది మేడం" అన్నది మాత్రం అబద్ధం. ఈ రకంలో ఆడది దాదాపు అడుగు పెరుగుతుంది, ఇరవై ఏళ్లు పైగా బతుకుతుంది.

ఇక అసలు సంగతి. బిల్లు వేస్తూ పసుపు పొడి ప్యాకెట్ ఒకటి చేతిలో పెట్టాడు. "వారానికోసారి చిటికెడు నీళ్లలో వెయ్యండి, ఏ రోగమూ రాదు." వెనక చిన్న అక్షరాల్లో టెట్రాసైక్లిన్ అని ఉంది, అంటే యాంటీబయాటిక్. నేను పనిచేసేది మైక్రోబయాలజీ ల్యాబ్‌లో. అయినా నోరెత్తకుండా తెచ్చుకుని, చెప్పినట్టే వేశాను. పైగా మూడు నెలలు ఆ ట్యాంకుని వంటింటి సింకులోనే కడిగాను.

జూన్‌లో మా బాబుకి జ్వరం, రక్తంతో విరేచనాలు. వాడికి నాలుగేళ్లు. డాక్టరుగారు కల్చర్ రాశారు, అంటే విరేచనాన్ని ప్లేటు మీద వేసి అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్ష. మర్నాడు మూత తీస్తే ప్లేటు నిండా ఎర్రటి చుక్కలు, ఒక్కోదాని నడుమ నల్ల బొట్టు, అచ్చం గురివింద గింజల్లా. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా. రోజూ ఎవరెవరి ప్లేట్లో చదివే నాకు నా కింద నలుపు కనిపించలేదు! ఆ మర్నాడు సెన్సిటివిటీ, అంటే అది ఏ మందుకి లొంగుతుందో, చూస్తే సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదని తేలింది. ప్లేటు మీద పెట్టిన టెట్రాసైక్లిన్ మందు బిళ్లనైతే ఆనుకునే పెరిగింది బ్యాక్టీరియా. సెఫ్ట్రియాక్సోన్ బిళ్ల చుట్టూ మాత్రం బ్యాక్టీరియా పెరగక వెడల్పుగా ఖాళీ వలయం కనిపించాక గానీ నాకు ఊపిరాడలేదు. ఐదు రోజులు ఇంజెక్షన్లు.

మా సార్‌ని అడిగి ట్యాంకు నీళ్లు కూడా ప్లేటు మీద వేశాను. అవే గురివింద గింజలు. టెట్రాసైక్లిన్ దగ్గర అదే తీరు. రెండూ ఒకటేనని తేల్చాలంటే జీనోమ్ (వాటి మొత్తం జన్యువులు) చూడాలి, కాబట్టి ఆ మాట నేను అనను. సింకు మాత్రం మార్చాను.

షాపువాళ్లు తెలుసుకోవలసింది ఒకటుంది. తాబేలుకి సాల్మొనెల్లా రోగం కాదు, దాని పేగుల్లో కాపురం ఉంటుంది. తాబేలు హుషారుగానే తిరుగుతుంది, అప్పుడప్పుడు రెట్టలో వదులుతుంది. పొడి వేస్తే అది పోదు, మందుకి లొంగనిది మిగులుతుంది. అమెరికాలో 4 అంగుళాల లోపు చిప్ప ఉన్నవాటిని పెంపకానికి అమ్మడం 1975లోనే ఆపేశారు. అక్కడి లూసియానా రాష్ట్రంలో, ఎగుమతి కోసం తాబేళ్లని పెంచే ఫారాల్లో సాల్మొనెల్లా పోవాలని గుడ్లను జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లో ముంచితే, కొన్నాళ్లకి జెంటామైసిన్‌కే లొంగని సాల్మొనెల్లా బయటపడింది. ఈ షాపులో చేస్తున్నది అదే పని, చిటికెడు చొప్పున.

చెరువులో వదిలేద్దామన్నారు మా ఆయన. వద్దన్నాను, ఈ అమెరికా జాతి మన తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది. ఇప్పుడది బాల్కనీలో ఉంటోంది. దాని బకెట్టు, బ్రష్షు వేరు. నీళ్లు టాయిలెట్లో పోస్తున్నాం. బాబు అద్దం బయటినుంచే పలకరిస్తాడు.

గత శనివారం ఫిల్టరు స్పాంజి కోసం మళ్లీ వెళ్ళాను. తాబేళ్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమని ఒక కాగితం అతికించండి, ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకి అమ్మకండి అని చెప్పాను. "సరే మేడం" అని స్పాంజికి ఇరవై తగ్గించాడు. నా వెనకున్నావిడ బిల్లు కడుతుంటే, కొక్కేనికి వేలాడే ప్యాకెట్లలోంచి పసుపుది ఒకటి తెంపి ఆవిడ కవర్లో వేశాడు.