ఆటోనగర్ మెకానిక్కులకు రెండు రోజుల భద్రత, పర్యావరణ శిక్షణ: ఒక గ్యారేజీ యజమాని సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో నాకు కార్ల మరమ్మతు గ్యారేజీ ఉంది. ఆరుగురు పనివాళ్లు, ఒక లిఫ్టు, బండి కింద నిలబడి పని చేసే గొయ్యి (పిట్టు) ఒకటి ఉన్న మామూలు షెడ్డు అది. పనిలో ఉన్న మెకానిక్కులకూ, ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు చదువుతున్న పిల్లలకూ కలిపి ఒక ప్రైవేటు సంస్థ నడిపిన భద్రత, పర్యావరణ అవగాహన తరగతులకు ఈ మధ్య మా వాళ్లలో నలుగురిని తీసుకుని నేనూ వెళ్లాను. మనిషికి 1,200 రూపాయల రుసుము. రెండు పూటల భోజనం, ఒక జత చేతి తొడుగులు, ఒక జత రక్షణ కళ్లద్దాలు అందులోనే ఇచ్చారు. బాగున్న వాటితో పాటు లోటుపాట్లు కూడా రాస్తున్నాను కనుక ఆ సంస్థ పేరు చెప్పడం లేదు. ఇలాంటి శిక్షణకు మన పిల్లలను పంపవచ్చా, పంపితే అక్కడ ఏమి అడిగి తెలుసుకోవాలి అన్నది తోటి షెడ్ల వాళ్లకు తెలియాలని ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ల క్రితం ఇలాంటి తరగతికే ఇద్దరు కుర్రాళ్లను పంపాను. వాళ్లు సర్టిఫికెట్లు తెచ్చారు, వాటిని గోడకు తగిలించాం, మర్నాటి నుంచి పని ఎప్పటిలాగే సాగింది. తప్పు కుర్రాళ్లదేనని అప్పట్లో అనుకున్నాను. ఈసారి పేర్లు రాసుకునేటప్పుడే, యజమాని గానీ పెద్ద మేస్త్రి గానీ రాకపోతే ఆ షెడ్డు నుంచి ఎవరినీ చేర్చుకోమని నిర్వాహకులు పట్టుబట్టారు. రెండు రోజులు షట్టరు దించుకోవాలంటే మొదట కష్టంగానే తోచింది. కానీ మొదటి రోజు మధ్యాహ్నానికల్లా ఆ షరతు ఎంత సబబైనదో బోధపడింది. జాకీతో లేపిన బండి కింద ఆసరాగా స్టాండు పెట్టాలని కుర్రాడికి ఎంత నేర్పినా, ఆ స్టాండు కొనాల్సింది యజమాని. సాయంత్రానికల్లా బండి ఇచ్చేస్తామని కస్టమరుకు మాటిచ్చి, కింద పడుకుని పని చేస్తున్నవాడిని తొందరపెట్టేదీ యజమానే. ఈ శిక్షణలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ షరతే.

ఇక బోధన సంగతి. శిక్షకుడు బస్సు డిపోలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. పాత డ్రమ్ము బ్రేకు ఒకటి బల్ల మీద పెట్టి, లైనర్ల మీద (బ్రేకు వేసినప్పుడు డ్రమ్ముకు రాసుకునే పట్టీల మీద) గుప్పెడు బియ్యప్పిండి చల్లి, “రోజూ ఎలా శుభ్రం చేస్తావో అలాగే చెయ్యి తమ్ముడూ” అంటూ మా కుర్రాడి చేతికి గాలి చిమ్మే ఎయిర్ గన్ను ఇచ్చారు. వాడు అలవాటుగా ఒక్కసారి కొట్టాడు, లైనర్లు శుభ్రంగా బయటపడ్డాయి. వెంటనే ఆయన షట్టరు దింపించి, లైట్లు ఆర్పించి, ఒక టార్చి వెలిగించారు. ఆ వెలుతురు దారిలో పిండి సన్నగా తేలుతూ కనిపించింది. పది నిమిషాలు గడిచినా పూర్తిగా కిందికి దిగలేదు. తర్వాత లైట్లు వేయించి, గదికి ఆ చివర అరుగు మీద మేము పెట్టుకున్న క్యారియర్ల మూతలను వేలితో రాసి చూడమన్నారు. వేలికి తెల్లగా అంటుకుంది. గన్ను పట్టుకున్న కుర్రాడి కనుబొమలూ ముక్కు అంచులూ తెల్లబడి ఉన్నాయి. “ఇది పిండి, కడుక్కుంటే పోతుంది” అని, అప్పుడు ఆస్బెస్టాస్ మాట ఎత్తారు.

పాత రకం బ్రేకు లైనర్లలోనూ క్లచ్ ప్లేట్లలోనూ ఆస్బెస్టాస్ అనే రాతి నార వాడేవారు. మన దేశంలో దాని వాడకం మీద ఇప్పటికీ పూర్తి నిషేధం లేదు కనుక, బజారులో చవకగా దొరికే లైనరులో అది ఉందో లేదో కంటితో చూసి తేల్చలేం. ఊపిరితిత్తుల్లో దిగబడిన ఆ నార వల్ల వచ్చే క్యాన్సరు ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లకు గానీ బయటపడదు. పదిహేడో ఏట పనిలో చేరిన కుర్రాడికి ఆ జబ్బు వచ్చేసరికి, ఏ షెడ్డులో ఏ బండి దగ్గర పీల్చాడో చెప్పగలిగేవాళ్లు ఎవరూ మిగలరు. దీనికి ఆయన చూపిన ఉపాయం దాదాపు ఖర్చు లేనిది. కింద ట్రే పెట్టి, స్ప్రే సీసాతో సబ్బు నీళ్లు చిమ్మి దుమ్మును తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూతి కట్టి పక్కన పెట్టడమే. మాస్కులు కట్టుకోమని గోడ మీద ఎన్ని బొమ్మలు అంటించినా చెయ్యలేని పనిని ఆ పిడికెడు బియ్యప్పిండి చేసిందని నేను కళ్లారా చూశాను.

జాకీ పాఠం కూడా అంతే గట్టిగా మనసుకు పట్టింది. పాడైన హైడ్రాలిక్ జాకీని విప్పి, లోపలి రబ్బరు సీలును తీసి ఒక్కొక్కరి అరచేతిలో పెట్టారు. చంటిపిల్ల గాజు అంత ఉంది, అంచున గోరు పట్టేంత చీలిక ఉంది. మనం పైకి లేపిన కారు బరువంతా ఈ రబ్బరు ముక్క ఆపిన నూనె మీద నిలబడి ఉందని, జాకీ బండిని లేపడానికే గానీ నిలపడానికి కాదని చెప్పి, స్టాండ్లు ఎక్కడ పెట్టాలో, లేపని చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు ఎలా వెయ్యాలో ప్రతి ఒక్కరి చేతా చేయించారు. నేను హెల్పరుగా పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక షెడ్డులో జాకీ మెల్లగా దిగి మా మేస్త్రి ముంజేయి నలిగిపోవడం చూశాను. ఆయన మళ్లీ పానా గట్టిగా పట్టలేకపోయారు. అది చూసిన నేనే, ఇన్నేళ్ల తర్వాత, మూడు జాకీలకు రెండే స్టాండ్లు పెట్టుకుని షెడ్డు నడుపుతూ వచ్చాను. శిక్షణ అయిన మర్నాడు ఇంకో రెండు జతలు కొన్నాను.

బ్యాటరీ గురించి చెప్పినదాంట్లో చాలా వరకు మనకు తెలిసినదే అయినా, ఎందుకు అనే ముక్క మనలో చాలామందికి తెలియదు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర అని మేస్త్రీలు చెబుతూ వచ్చారు. కారు బాడీ అంతా నెగటివ్‌తో కలిసి ఉంటుంది. అది తీయకుండా పాజిటివ్ విప్పబోయినప్పుడు పానా బాడీకి తగిలితే కరెంటంతా ఆ పానాలోంచే పారుతుంది. చేతికి కడియం ఉంటే అది ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంటుంది. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. కార్తీక మాసంలో మాలలో ఉండే కుర్రాళ్లు మెడలో కండువా వేసుకుని తిరుగుతున్న ఇంజను మీదికి వంగుతారు కదా, ఆ సంగతిని ఆయన ఎంతో మర్యాదగా ప్రస్తావించి, పని చేసేంతసేపూ దాన్ని చొక్కా లోపలికి దోపుకోమని చెప్పారు. ఏ పుస్తకంలోనూ దొరకని ఇలాంటి మాటలే ఈ తరగతికి బలం.

పెట్రోలుతో చేతులు కడుక్కోవడం గురించి ఆయన చెబుతున్నప్పుడు నేను నా వేళ్ల వైపు చూసుకున్నాను. ఇరవై ఏళ్లు అలా కడిగిన చేతులివి. చలికాలం వస్తే కణుపుల దగ్గర పగిలి నెత్తురు వస్తుంది. పెట్రోలు చర్మంలోని జిడ్డును లాగేస్తుందని తెలుసు గానీ, క్యాన్సరు కారకమైన బెంజీన్ అందులో ఉంటుందని, బీఎస్-6 కాలుష్య ప్రమాణాల పెట్రోలులో కూడా 1 శాతం వరకు ఉండనిస్తారని నాకు తెలియదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనదని, అందుకే అది పోయి పిట్టులో చేరి కూర్చుంటుందని చెప్పారు. పిట్టులో ఫ్యూయల్ ఫిల్టరు మారుస్తూ మామూలు బల్బు వేలాడదీసుకునే షెడ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి.

రెండో రోజు పర్యావరణం. ఈ భాగం బలహీనంగా ఉంది, ఆ మాట సూటిగానే చెప్పాలి. బాగున్నది ముందు చెబుతాను. నేల మీద ఒలికిన ఆయిల్‌ను పైపు పెట్టి నీళ్లతో కడిగితే అది మాయం కాదు, మన షెడ్డు నుంచి మురుగు కాలువలోకి మారుతుంది, అంతే. కృష్ణా కాలువల నీటితో చెరువులు నింపుకుని ఎండాకాలం తాగే ఊళ్లు డెల్టా అంతటా ఉన్నాయి కనుక, ఈ మాట మన ప్రాంతం వాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఆయిల్ మీద రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయడం, తీసిన ఫిల్టరును వేడిగా ఉండగానే బోర్లించి రాత్రంతా కారనివ్వడం, ఇంజన్ను చల్లబరిచే కూలెంటును ఆయిల్‌లో కలపకుండా వేరే డబ్బాలో పట్టడం చేసి చూపించారు. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుందని, వీధి కుక్కలు నాకి చచ్చిపోయేది అందుకేనని విన్నాక మా కుర్రాళ్లు చాలాసేపు మాట్లాడలేదు.

ఏసీ గ్యాసు లెక్క కూడా మనసులో నాటుకునేలా చెప్పారు. ఒక కారు ఏసీలో సుమారు అర కిలో గ్యాసు ఉంటుంది. ఆ ఏసీల్లో వాడే ఆర్-134ఏ అనే గ్యాసు కిలో గాలిలోకి వదిలితే 1,430 కిలోల కార్బన్ డయాక్సైడు వదిలినంత వేడిని పెంచుతుంది. పైపు విప్పి అర కిలో గాలికి వదిలేయడమంటే, దాదాపు 300 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. ఆ గ్యాసును వెనక్కి పట్టే యంత్రం చిన్న షెడ్డు కొనుక్కోగలిగినది కాదు. నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చన్న సూచన మాత్రం ఆలోచించదగినది.

లోటు వేస్టాయిల్ దగ్గర, అంటే ఇంజన్ల నుంచి తీసిన పాత ఆయిల్ దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న స్లైడ్లు వరుసగా నడిపించారు: ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 2016, నిల్వకు 90 రోజుల గడువు, 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారుల మీద పెట్టిన సేకరణ బాధ్యత, బ్యాటరీలకు 2022 నాటి నిబంధనలు. ఇవన్నీ నిజమే, తెలియవలసినవే. అయితే నేను లేచి ఒక్కటే అడిగాను: “సార్, నెలకు యాభై కార్లకు ఆయిల్ మారుస్తాను, 200 లీటర్ల బ్యారెల్ ఒకటి నిండుతుంది. దాన్ని ఎవరికి ఇవ్వాలి?” అనుమతి ఉన్న రీసైక్లరుకు ఇవ్వాలని జవాబు. అనుమతి ఉన్నవాళ్లు ఒక్క బ్యారెల్ కోసం మా వీధికి వస్తారా, రాకపోతే పక్క షెడ్లతో కలిసి ఎలా ఇవ్వాలి, ఇచ్చినప్పుడు ఏ కాగితం తీసుకోవాలి అన్న వాటికి ఆ గదిలో జవాబు దొరకలేదు. ట్రాలీ ఆటోలో వచ్చి రొక్కం ఇచ్చి పట్టుకెళ్లేవాడు మాత్రం వారం వారం మా గుమ్మంలోనే ఉంటాడు. అతను తీసుకెళ్లింది సెంట్రింగ్ పలకలకు పూతగానో, ఏ బట్టీలోనో మంటగానో మారుతుందని మాకందరికీ తెలుసు. చట్టం పేరు చెప్పి దారి చెప్పకపోతే, విన్నవాడు తనను తప్పు చేసినవాడిగా భావిస్తూనే ఆ తప్పును కొనసాగిస్తాడు. జిల్లాలో అనుమతి ఉన్నవారి జాబితా ఒకటి తెలుగులో అచ్చువేసి చేతికిచ్చి ఉంటే ఈ పూట మొత్తానికి విలువ వచ్చేది.

ఎలక్ట్రిక్ బండ్లకు ముప్పావు గంటే కేటాయించారు. నారింజ రంగు కేబులు (ఎక్కువ వోల్టేజి కరెంటు పారేది) కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలన్న ఒక్క మాట మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. పెయింటింగు షెడ్ల వాళ్లకు ఇంకా అన్యాయం జరిగింది. రెండు డబ్బాలు కలిపి కొట్టే పెయింటులో, దాన్ని గట్టిపరిచే హార్డెనరులోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉబ్బసం తెస్తాయని, ముఖానికి కట్టుకున్న కర్చీఫు ఆ ఆవిరిని ఆపదని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఆటోనగర్‌లో బాడీ బిల్డింగు, పెయింటింగు మీద బతికే వాళ్లు ఎంతమంది ఉన్నారో తలచుకుంటే దానికి ఒక పూర్తి రోజు కేటాయించాలి.

ఐటీఐ పిల్లలనూ పనివాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టడం మంచి పని. పిల్లలకు కారణం తెలుసు, చేతి అలవాటు లేదు; మా వాళ్లకు చెయ్యి తిరుగుతుంది, కారణం తెలియదు. పిల్లలందరూ బూట్లతో వచ్చారు, మా వాళ్లలో ముగ్గురు హవాయి చెప్పులతో వచ్చారు. అది చూసి నాకు సిగ్గేసింది, ఎందుకంటే బూట్లు కొనివ్వాల్సింది నేనే. చివరి పరీక్ష మాత్రం రాతపరీక్ష. మా పెద్ద హెల్పరు చదువు రాక ఖాళీ కాగితం ఇచ్చాడు, స్టాండు పెట్టడంలో వాడే అందరికన్నా ముందున్నాడు. చేతి పనికి చేతి పరీక్ష పెట్టాలని నిర్వాహకులకు రాసిచ్చాను.

ఆరు వారాలైంది. మా షెడ్డులో బ్రేకు డ్రమ్ము మీదికి ఎయిర్ గన్ను ఎవరూ ఎత్తడం లేదు, సబ్బు నీళ్ల సీసా గోడకు వేలాడుతోంది. చేతులు కడుక్కోవడానికి సబ్బుపిండి డబ్బా పెట్టాం. స్టాండు లేకుండా బండి కిందికి దూరితే ఆ పూట పని ఆపేస్తానని చెప్పాను; ఒకసారి ఆపాను కూడా. వేస్టాయిల్ బ్యారెల్ మీద నింపడం మొదలుపెట్టిన తేదీని సుద్దముక్కతో రాస్తున్నాం, దాన్ని తీసుకెళ్లే సరైన మనిషి కోసం పక్కనున్న నాలుగు షెడ్ల వాళ్లతో కలిసి వెతుకుతున్నాను. డ్రమ్ము పాఠం, జాకీ పాఠం కోసమే అయినా ఈ తరగతికి వెళ్లమని తోటి యజమానులకు చెబుతాను. వచ్చే బ్యాచికి మిగిలిన ఇద్దరినీ తీసుకుని మళ్లీ వెళ్తున్నాను, ఆ బ్యారెల్ ప్రశ్న మళ్లీ అడుగుతాను.