క్రిస్మస్ ముందు ఉపవాసం: నలభై రోజులా, ఇరవై ఒక్క రోజులా, మూడు రోజులా, శుక్రవారాలా? ఏది మేలు?

నవంబరు సగానికి వచ్చేసరికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల చర్చిల్లో ఈ ప్రశ్న మొదలవుతుంది. జవాబు మాత్రం ఒక్కో సంఘంలో ఒక్కో రకం. ఇక్కడి పాత సంఘాల్లో చాలావరకు అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టినవి. ఆ మిషన్ 1840లో నెల్లూరులో, 1866లో ఒంగోలులో పాతుకుంది. బాప్టిస్టులకు పండగకు ముందు ఇన్ని రోజులు తిండి మానాలన్న క్యాలెండరు లేదు. అయ్యగారూ (పాస్టరు) సంఘ పెద్దలూ ఏది ప్రకటిస్తే అదే. కథోలికులకు ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సిద్ధపడే రోజులు) ఉంది గానీ అందులో ఉపవాసం తప్పనిసరి కాదు. దాంతో ఒకే వీధిలో ఒకరు ఇరవై ఒక్క రోజులు మాంసం ముట్టరు, పక్కింటివారు శుక్రవారం ఒక్కపొద్దు ఉంటారు, ఆ పైయింట్లో మూడు రోజులు మంచినీళ్లతోనే గడుపుతారు.

ముందే చెప్పేస్తే, ఉద్యోగమో కూలిపనో చేసుకుంటూ ఇంట్లో వంట నడపాల్సిన వాళ్లకు డిసెంబరు 4 నుంచి 24 దాకా ఇరవై ఒక్క రోజుల శాకాహారం (గుడ్డు, పాలు, పెరుగు కూడా లేకుండా) పెట్టుకుని, అందులో శుక్రవారాలు మాత్రం సాయంత్రం దాకా తినకుండా ఉండటం మేలు. మిగతావి ఎందుకు వెనకబడతాయో చూద్దాం.

నలభై రోజులు

ఇది తూర్పు ఆర్థడాక్స్ సంఘాల పద్ధతి. నవంబరు 15న మొదలై డిసెంబరు 24తో ముగుస్తుంది. మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి ఉండవు. చేపకు కొన్ని రోజుల్లో అనుమతి ఉంటుంది. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో ఇదే డిసెంబరు 1 నుంచి ఇరవై అయిదు రోజుల నోంబు. మన ఊళ్లలో దీనికి ఒక సౌకర్యం ఉంది. మొదటి రోజులు చాలా ఏళ్లలో కార్తీక మాసంతో కలుస్తాయి, చుట్టుపక్కల ఇళ్లలోనూ నీచు ఉండదు కాబట్టి నోరు అంతగా లాగదు. చిక్కు డిసెంబరు రెండో వారంలో వస్తుంది. అప్పటికి ఇంట్లో అందరికీ పప్పూ ఆకుకూరా విసుగెత్తి, పిల్లలకు వేరే వంట మొదలై, రెండు పొయ్యిల మీద రెండు రకాలు వండలేక ఇల్లాలు ముందు చేతులెత్తేస్తుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఉంటేనే ఇది సాగుతుంది. ఒక్కరే ఉండాలనుకుంటే పెట్టుకోకండి.

మూడు రోజులు

బైబిల్లో ఎస్తేరు గ్రంథం నాలుగో అధ్యాయం 16వ వచనం చదివి మూడు పగళ్లూ మూడు రాత్రులూ అన్నం, నీళ్లు రెండూ మానేసేవాళ్లు ఉన్నారు. అన్నం సంగతి ఎలా ఉన్నా నీళ్లు మానడం ఏ లెక్కలోనూ మేలు కాదు. రెండో రోజుకే మూత్రం ముదురు పసుపుకు తిరుగుతుంది, నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి, మూత్రపిండాల మీద భారం పడుతుంది. చీమకుర్తి గ్రానైటు పనిలోనో నెల్లూరు వరినాట్లలోనో ఉన్నవాళ్లు దీని జోలికి పోనేకూడదు.

నీళ్లతో మూడు రోజులు ఆరోగ్యవంతులు ఉండగలరు. కానీ తేదీలు ఎంచుకోవడంలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. పండక్కి దగ్గరగా ఉండాలని 22, 23, 24 పెట్టుకుంటారు. 24 రాత్రి ఆరాధనయ్యాక కేకు, 25 మధ్యాహ్నం బిర్యానీ. మూడు రోజులు ఖాళీగా ఉన్న కడుపు మసాలాను, నూనెను ఒక్కసారిగా తట్టుకోలేదు. వాంతులో విరేచనాలో పట్టుకుని పండగ మంచం మీద గడిచిపోతుంది. మూడు రోజుల ఉపవాసమే కావాలనుకుంటే 18, 19, 20 పెట్టుకోండి. 21న పలచని గంజి (బియ్యం 30 గ్రాములకు అరలీటరు నీళ్లు, చిటికెడు ఉప్పు) రెండు మూడు గంటలకోసారి గ్లాసెడు తాగండి. 22న పెసరపప్పు పులగం, 23న మామూలు అన్నం పప్పు. అప్పటికి కడుపు పండక్కి సిద్ధంగా ఉంటుంది.

అయిదు రోజులు దాటిన నీళ్ల ఉపవాసం ఇంట్లో చేసేది కాదు. అన్ని రోజులు తినని శరీరానికి ఒక్కసారిగా పిండిపదార్థాలు పడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

శుక్రవారాలు

ఆగమన కాలంలో శుక్రవారాలు మూడు, కొన్నేళ్లు నాలుగు వస్తాయి. కథోలికుల నియమం ప్రకారం ఉపవాసమంటే పూర్తిగా పస్తుండటం కాదు. ఒక పూట కడుపునిండా, రెండు పూటలు కొంచెం కొంచెం తినవచ్చు. ఆ రెండూ కలిపినా నిండు భోజనమంత కాకూడదు. తప్పనిసరి ఉపవాసం ఉన్నది విభూతి బుధవారం, మంచి శుక్రవారం రెండు రోజులే, అదీ 18 నుంచి 59 ఏళ్ల లోపువారికి. క్రిస్మస్ ముందు శుక్రవారాలు ఇష్టపూర్వకం. అర్ధరాత్రి పూజకు వెళ్లేవాళ్లు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవడానికి గంట ముందు నుంచి తినకపోతే చాలు. రాత్రి తొమ్మిదికే తిండి మానేసి నీరసపడనక్కర్లేదు.

బాప్టిస్టు, స్వతంత్ర సంఘాల్లో శుక్రవారం ఉపవాస కూటం పొద్దున మొదలై మధ్యాహ్నం మూడింటికో సాయంత్రానికో ముగుస్తుంది. చేయడానికి తేలిక, ఒంటికి పెద్ద హాని లేదు. లోటల్లా ఒకటే, శనివారం నుంచి గురువారం దాకా ఏమీ మారదు. ఉపవాస కాలమని రోజూ గుర్తుండాలనుకునేవాళ్లకు ఇది చాలదు.

ఇరవై ఒక్క రోజులు

దానియేలు గ్రంథంలో రెండు చోట్లు కలిపి చేసిన పద్ధతి ఇది. మొదటి అధ్యాయంలో పది రోజులు శాకధాన్యాదులు, నీళ్లు. పదో అధ్యాయంలో మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం లేకుండా. శాకధాన్యాదులని మన బైబిల్లో ఉన్న మాటకు హీబ్రూ మూలం విత్తనం నుంచి పండేవన్న అర్థం ఇస్తుంది. కాబట్టి ఆకుకూరలే తినాలన్న పట్టు అక్కర్లేదు. పప్పులు, గింజలు, చిరుధాన్యాలు అన్నీ అందులోకే వస్తాయి. కొన్ని సంఘాలు తెల్లన్నం, చక్కెర, కాఫీ, నూనెలో వేయించినవి కూడా మానమంటాయి. చక్కెర, కాఫీ, వేపుళ్లు మానితే మంచిదే. తెల్లన్నం మానమనడం నెల్లూరు వాళ్ల మీద అనవసరపు బరువు.

ఈ పద్ధతి చెడేది ఆకలి వల్ల కాదు. మాంసకృత్తులు తగ్గడం వల్ల. చేపా గుడ్డూ పెరుగూ తీసేసి వాటి స్థానంలో బంగాళదుంప వేపుడు, అప్పడం, చింతపండు పులిహోర పెట్టుకుంటే వారం తిరిగేసరికి నీరసం, పొట్టలో మంట. అరవై కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పచ్చి సరుకు తూకంలో ఒక రోజు లెక్క ఇలా వేసుకోవచ్చు, బ్రాకెట్లలో ఉన్నవి మాంసకృత్తుల గ్రాములు. పొద్దున రాగిపిండి 40 గ్రాములతో అంబలి, మజ్జిగకు బదులు నిమ్మరసం, ఉప్పు (3). మధ్యాహ్నం బియ్యం 120 గ్రాములు (9), కందిపప్పు 40 గ్రాములు (9), తోటకూరో పాలకూరో ఒక కట్ట (3). సాయంత్రం శనగ గుగ్గిళ్లు 40 గ్రాములు (8). రాత్రి సజ్జపిండి 80 గ్రాములతో రెండు రొట్టెలు (9), అలసందల కూర 40 గ్రాములు (9). మొత్తం యాభై. శనగలు, అలసందలు, సజ్జలు ప్రకాశం పడమటి మండలాల్లో ఇంటి సరుకే, కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

శనగలు, అలసందలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించాలి. నానిన నీళ్లలోనే ఉడికిస్తే కడుపుబ్బరం వస్తుంది, కూటంలో కూర్చోలేరు. తాలింపులో వాము, అల్లం పడితే ఇంకా నయం.

సజ్జరొట్టె దగ్గర చాలామంది ఓడిపోయి మళ్లీ గోధుమ చపాతీకి వెళ్లిపోతారు. సజ్జపిండికి గోధుమకున్న జిగురు లేదు. చన్నీళ్లతో కలిపితే అంచులు పగిలి పెనం మీదే ముక్కలవుతుంది. ఒక కప్పు పిండికి ముప్పావు కప్పు నీళ్లు ఉప్పువేసి తెర్లబెట్టి, పిండి మీద పోసి, గరిటెతో కలిపి అయిదు నిమిషాలు మూత పెట్టాలి. చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చాక గట్టిగా మర్దించి, తడిగుడ్డ మీద చేత్తో తట్టి, బాగా కాగిన పెనం మీద వేయాలి. వేసిన వెంటనే పైభాగాన్ని తడిచేత్తో నిమిరితే పగుళ్లు మూసుకుంటాయి. ఆ తడి ఆరాక తిప్పాలి, ముందే తిప్పితే చిరుగుతుంది. ఇంత చేసినా రొట్టె చేదుగా ఉందంటే పిండి పాతది. సజ్జల్లో నూనె ఎక్కువ, ఆడించిన వారానికే పిండి కమురెక్కుతుంది. డిసెంబరు వాన చెమ్మలో ఇంకా త్వరగా. కిలో ఒకేసారి ఆడించకుండా నాలుగైదు రోజులకు సరిపడా ఆడించుకోండి.

చేపల పులుసు మీద మనసు పోయే వాళ్లకు అదే మసాలాతో వంకాయ, ములక్కాడ పులుసు పెట్టొచ్చు. కానీ చేపలకు వేసినంత చింతపండు వేయకండి. నలుగురికి పెద్ద నిమ్మకాయంత చాలు. ఖాళీ కడుపు మీద పులుపూ కారమూ కలిస్తేనే గుండెల్లో మంట.

కాఫీ మానాలనుకునేవాళ్లు డిసెంబరు 4న ఒక్కసారిగా మానకండి. చివరి కప్పు తర్వాత పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలై, రెండో రోజుకు ముదిరి, వారం దాకా ఉండొచ్చు. దాన్ని ఉపవాసం పడలేదని అనుకుని చాలామంది మూడో రోజే విడిచేస్తారు. నవంబరు చివరి వారంలోనే మూడు కప్పులు రెండు, రెండు ఒకటి చేసుకుంటూ రండి.

క్యారల్స్, సెమీ క్రిస్మస్

ఇరవై ఒక్క రోజులకు అసలు పరీక్ష వంటింట్లో కాదు, క్యారల్స్‌లో వస్తుంది. రాత్రి పదింటికి పదో ఇంటి ముందు పాట ముగిసేసరికి "అక్కా, టీ అన్నా తాగి పోండి" అంటూ పళ్లెం వస్తుంది. టీలో పాలు, కేకులో గుడ్డు, బిస్కెట్లలో పాలపొడి, గులాబీ పువ్వుల్లో కూడా చాలా ఇళ్లలో గుడ్డు వేస్తారు. ప్రతి ఇంట్లో "మేం ఉపవాసం" అని చెప్పుకుంటూ పోతే మత్తయి ఆరో అధ్యాయం వద్దన్న పనే, అంటే ఉపవాసాన్ని నలుగురికీ చాటుకోవడమే, చేసినట్టు. అందుకని ముందే ఒక పద్ధతి పెట్టుకోండి: ఎదుటివారి ఇంట్లో పెట్టింది ఒక గుటక, ఒక ముక్క తీసుకోవడం, మన ఇంట్లో మాత్రం నియమం తప్పకపోవడం. సెమీ క్రిస్మస్ (పండగకు ముందే జరుపుకునే క్రిస్మస్ వేడుక) విందు శుక్రవారం పడితే ఒక్కపొద్దును గురువారానికి మార్చుకోవచ్చు. తేదీ మారితే ఉపవాసం చెడదు.

ఎవరు ఏది పెట్టుకోకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలు పూట కూడా మానకూడదు. చిన్నపిల్లలు మిఠాయి మానుకుంటే చాలు. షుగరుకు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవాళ్లకు శుక్రవారం ఒక్కపొద్దు కూడా ప్రమాదమే, తిన్నా తినకపోయినా ఆ మందులు చక్కెరను దించేస్తాయి. చెమట, వణుకు, మాట తడబాటు కనిపించి పరీక్షలో 70 కన్నా తక్కువ వస్తే ఉపవాసం అక్కడితో ఆపి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. తిండి మానితే షుగరు మామూలుగానే కనిపిస్తూ రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగిపోతాయి. వీళ్లందరికీ ఇరవై ఒక్క రోజుల శాకాహారం, వేళ తప్పకుండా మూడు పూటలూ తింటూ, సరిపోతుంది. మందుల మోతాదు మాత్రం ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

నాట్లు వేసే ఆడవాళ్లు శుక్రవారం పనిలోకి పోతే ఒక్కపొద్దు పెట్టుకోకుండా ఆ రోజు గంజి, ఉప్పు నిమ్మనీళ్లతో గడుపుకోవచ్చు. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఖాళీ కడుపున అది ఒంటికి ఇంకా తేలిగ్గా పడుతుంది, ఉపవాసంలో తాగేవి శుద్ధి చేసిన నీళ్లే కావాలి.

విడిచే తీరు

శుక్రవారం సాయంత్రం కూటం అయ్యాక ముందు గ్లాసెడు నీళ్లలో సగం నిమ్మకాయ, చెంచా బెల్లం, చిటికెడు ఉప్పు. తర్వాత ఒక అరటిపండో మూడు ఖర్జూరాలో. ఇరవై నిమిషాలు ఆగి మెత్తని అన్నం, పప్పుచారు. బజ్జీలు, మిరపకాయల జోలికి వెళ్లొద్దు.

ఇరవై ఒక్క రోజుల తర్వాత 25 మధ్యాహ్నం బిర్యానీ తినొచ్చు, కడుపు ఖాళీగా లేదు కాబట్టి మూడు రోజుల ఉపవాసమంత భయం లేదు. అయినా 24 రాత్రి పెరుగన్నంతో మొదలుపెట్టి, 25 పొద్దున ఒక గుడ్డు తిని, మధ్యాహ్నం మాంసం రెండు ముక్కలతో ఆపితే రాత్రి ఆరాధనలో నిద్ర రాకుండా కూర్చోగలరు. మిగిలిన కూర 26న ఇంకా రుచిగా ఉంటుంది.