ఇత్తడి ఆస్ట్రోలేబ్ నమూనా: కొనేముందు పలక చూడండి

మధ్యయుగంలో బాగ్దాద్ నుంచి స్పెయిన్‌లోని టొలేడో దాకా ఖగోళ పండితులు సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచి కాలం తెలుసుకోవడానికి వాడిన ఆస్ట్రోలేబ్‌కు ఇత్తడి నమూనాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఇక్కడ చూస్తున్నది పది సెంటీమీటర్ల పలక ఉన్న రకం. చెక్కడం, మెరుగు బాగున్నాయి. పనితనం దగ్గరే పేచీ.

అడుగు పళ్లేన్ని అరబ్బీలో ‘ఉమ్మ్’ అంటారు, తల్లి అని. పైన తిరిగే నక్షత్రాల జాలీ ‘అంకబూత్’, అంటే సాలీడు. అన్నిటినీ బిగించే చీల ‘ఫరస్’, గుర్రం. ఈ గుర్రం వదులుగా ఉంది. సాలీడు జారి రీడింగ్ మారిపోతుంది. చీల కింద పల్చటి వాషర్ వేస్తే సరి.

అసలు లోపం మధ్యలోని పలకది. పలక ఒక్క అక్షాంశానికే పనికొస్తుంది, అందుకే పాతవాటిలో ఒకే తల్లిలో నాలుగైదు పలకలు పేర్చేవారు. ఇందులో ఉన్నది ఒక్కటే. పరీక్ష సులువు: సాలీడు మీది మేషం 0°ని పైవైపు నిలువు గీతకు తెచ్చి, అక్కడి ఎత్తు వృత్తం (దిగంతం నుంచి ఎత్తును డిగ్రీల్లో చూపే గీత) చదవండి. 90లోంచి అది తీసేస్తే అక్షాంశం. ఇక్కడ 58 వచ్చింది, అంటే 32°. లాహోర్, ఇస్ఫహాన్‌ల పక్క. హైదరాబాద్‌కైతే 72.6 రావాలి. 11వ శతాబ్దంలో అల్ జర్కాలీ ఏ ఊరికైనా సరిపోయే పలక రూపొందించాడు గానీ, అది నేర్చుకోవడం కష్టం.

స్కేలుతో మరో పరీక్ష. బయటి మకర వృత్తం వ్యాసార్ధం 50 మి.మీ. అయితే విషువద్వృత్తానిది 32.8, కర్కాటక వృత్తానిది 21.5 ఉండాలి. ఇక్కడ మిల్లీమీటరు లోపు తేడాతో సరిపోయాయి. మెచ్చుకోవాల్సిందే.

మనవాళ్లు తప్పు చేసే చోటు ఒకటుంది. దీని రాశులు సాయనం (విషువత్తు నుంచి లెక్కించేవి), మన పంచాంగానివి నిరయనం (స్థిర నక్షత్రాలను బట్టి లెక్కించేవి). పంచాంగంలో రవి స్థానం చూసి పెడితే సుమారు 24 డిగ్రీలు తప్పుతుంది. ఇక్కడ మేషం 0° అంటే మార్చి 20 ప్రాంతం, ఏప్రిల్ 14 కాదు.

సూర్యుణ్ణి వెనకాల సూచిక రంధ్రాల్లోంచి కంటితో చూడకండి. ఉంగరంతో వేలాడదీసి, వెనకాల సూచికను తిప్పుతూ పై రంధ్రపు వెలుగు చుక్క కింది రంధ్రం మీద పడేలా చేసి ఎత్తు చదవండి. తర్వాత పరికరాన్ని అటు తిప్పి మళ్లీ చదివి, సగటు తీయండి. ఉంగరం ఒకపక్కకు ఒరిగినా ఆ తప్పు పోతుంది. పొద్దున ఎనిమిది, పది మధ్యయితే మంచిది. మిట్టమధ్యాహ్నం ఎత్తు దాదాపు మారదు, ఒక డిగ్రీ తప్పితే కాలం చాలా తప్పుతుంది.

ఈ ఎత్తుతో లెక్కిస్తే వచ్చేది స్థానిక సూర్యకాలం. హైదరాబాద్‌లో గడియారం కంటే సగటున 16 నిమిషాలు వెనక, ఫిబ్రవరి నడిమికి అరగంట. ఇది చూసి పరికరం తప్పని తిప్పి పంపేయకండి.

నక్షత్రాలను చూపే సాలీడు కొనలు 17వ శతాబ్దపు నమూనాకు నకలైతే నక్షత్రాలు ఐదు డిగ్రీలు జరిగి ఉంటాయి, రాత్రి నక్షత్రాలతో చూసే కాలం ఇరవై నిమిషాలు తప్పుతుంది. పగటి లెక్కకు ఆ బాధ లేదు. అసలు చిక్కు పలకతోనే కాబట్టి, హైదరాబాద్ వాళ్లు 17° పలక చెక్కిస్తారేమో ముందే అడగండి. కుదరదంటే గోడకు తగిలించే సరుకు ధరే ఇవ్వండి.