స్టాఫ్ నర్సా, ఎంఎల్‌హెచ్‌పీనా, ఏఎన్ఎమ్మా: పని ఎక్కడ ఎంత, ఏది మేలు?

పోస్టింగుల టైం వస్తే చాలు, నర్సింగ్ చదివిన పిల్లలు అడిగేది ఒకటే. "అక్కా, పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా పోవాలా, విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా చేరాలా, ఎక్కడ పని తక్కువ?" పీహెచ్‌సీ అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, విలేజ్ క్లినిక్ అంటే దాని కింద ఊళ్లో ఉండే సబ్ సెంటరే, ఎంఎల్‌హెచ్‌పీ అంటే అక్కడ డాక్టరుకీ నర్సుకీ మధ్య స్థాయిలో రోగుల్ని చూసే ఉద్యోగి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లకు స్టాఫ్ నర్సు పోస్టు, బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకు ఆ రెండూ, ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త కోర్సు) చేసినవాళ్లకు ఏఎన్ఎం, అంటే ఊళ్లో టీకాలు, గర్భిణుల చెకప్‌లు చూసే పోస్టు. ముగ్గురూ ఒకే పీహెచ్‌సీ కింద ఉంటారు, ఒకరు లేకపోతే ఆ పని పక్కవాళ్ల నెత్తినే పడుతుంది, అందుకని మూడూ కలిపే చెప్తా. ఇది ఆంధ్రా సంగతి. తెలంగాణలో పల్లె దవాఖానా అంటారు, అక్కడ ఈ పోస్టుల్లో ఎంబీబీఎస్, ఆయుర్వేద డాక్టర్లను కూడా తీసుకున్నారు కాబట్టి లెక్క కొంచెం వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒళ్లు హూనమయ్యేది స్టాఫ్ నర్సుకే, కానీ డ్యూటీ దిగినా వదలని పని మాత్రం ఏఎన్ఎందే.

మొదట పీహెచ్‌సీ. నిబంధన ప్రకారం మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, ఏజెన్సీలో 20 వేల మందికి ఒకటి. 24 గంటలు నడిచే చోట మామూలుగా ముగ్గురు స్టాఫ్ నర్సులు ఉంటారు. వారానికి 168 గంటలు, ముగ్గురికి పంచితే తలా 56, అదీ ఎవరూ సెలవు పెట్టకపోతే, ఎవరినీ డిప్యుటేషన్ మీద ఏరియా ఆసుపత్రికి లాక్కుపోకపోతే. ఒకరు మెటర్నిటీ లీవులో వెళ్లారనుకోండి, మిగతా ఇద్దరికీ 84 గంటలు. సర్దుబాటు చేసుకోండమ్మా అంటారు పైనుంచి, ఎవరితో సర్దుకోవాలో మాత్రం చెప్పరు.

నైట్ డ్యూటీ ఎలా ఉంటుందంటే, రాత్రి 8కి ఎక్కితే పొద్దున 8కి దిగడం. నొప్పులతో ఒకామె వచ్చిందంటే అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని పార్టోగ్రాఫ్‌లో, అంటే కాన్పు ఎలా సాగుతుందో చూపే చార్టులో వెయ్యాలి, కాన్పు అయిన నిమిషంలోపు రక్తస్రావం ఎక్కువ కాకుండా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇవ్వాలి, బిడ్డను తుడిచి తల్లి పొట్ట మీద పెట్టాలి, విటమిన్ కె ఇవ్వాలి, ఆ తర్వాత రెండు గంటల పాటు పావుగంటకోసారి తల్లి బీపీ, నాడి, రక్తస్రావం చూస్తూనే ఉండాలి. సరిగ్గా ఆ రెండు గంటల్లోనే పాము కరిచిందని ఒకర్ని ఆటోలో తెచ్చి దింపుతారు, వెనకే పది మంది బంధువులు. యాంటీ వీనం ఎక్కుతున్న మనిషి పక్కనుంచి కదలకూడదు, లేబర్ రూములో ఆమెనీ వదలకూడదు. మనిషి మాత్రం ఒక్కతే. డాక్టరుగారికి ఫోన్, 108కి ఫోన్, మధ్యలో బంధువుల కేకలు. అన్నీ సర్దుకున్నాక కేస్ షీటు, కాన్పుల రిజిస్టరు, రిఫరల్ చీటీ.

అయినా ఒకటి చెప్పాలి. పొద్దున 8కి హ్యాండోవర్ ఇచ్చాక ఆ పేషెంటు నీ బాధ్యత కాదు. ఫోను పక్కన పడేసి పడుకోవచ్చు. నెలకి ఒకటీ రెండు కాన్పులు కూడా లేని పీహెచ్‌సీలు కూడా ఉన్నాయి, జనం నేరుగా ప్రైవేటుకో ఏరియా ఆసుపత్రికో పోతున్నారు కాబట్టి. అక్కడ బీపీలు, డ్రెస్సింగులు, ఇంజెక్షన్లతో రోజు గడిచిపోతుంది, నేర్చుకున్న చెయ్యి కూడా మొద్దుబారుతుంది.

ఎంఎల్‌హెచ్‌పీ పోస్టు 2018లో ఆయుష్మాన్ భారత్ కింద వెల్‌నెస్ సెంటర్లు మొదలయ్యాక వచ్చింది. కేంద్రం మార్గదర్శకాల్లో జీతం 25 వేలు, దానిపైన పని చూసి 15 వేల దాకా ఇన్సెంటివ్. ఉద్యోగం కాంట్రాక్టు. సబ్ సెంటర్ స్థాయిలో 14 రకాల టెస్టులు, 105 రకాల మందులు ఉండాలని లెక్క. నైట్ లేదు, ఎక్కువ చోట్ల కాన్పులు లేవు. వచ్చేవాళ్లలో చాలామంది బీపీ, షుగరు మాత్రల కోసం వచ్చే ముసలివాళ్లే. ఊళ్లు తిరిగే 104 వైద్యం బండితో డాక్టరు వచ్చే రోజు మాత్రం తొక్కిసలాట.

చూడ్డానికి హాయిగానే ఉంటుంది. టెన్షన్ అంతా ఆ ఇన్సెంటివ్‌లో ఉంది. ఎన్ని ఓపీలు, ఎందరికి స్క్రీనింగ్, ఎన్ని టెలీకన్సల్టేషన్లు (నెట్‌లో దూరంగా ఉన్న డాక్టరుకు చూపించడం) అని చూస్తారు, నెట్‌వర్క్ లేని ఊళ్లో టెలీకన్సల్టేషన్ ఎలా చేస్తావని ఎవరూ అడగరు. ఇంకో గొడవ, కాగితం మీద టీం లీడరు నువ్వే, కానీ అదే గదిలో ఇరవై ఏళ్లుగా ఊరంతా "నర్సమ్మా" అని పిలిచే ఏఎన్ఎం ఉంటుంది. ఆవిడతో పొసగకపోతే నీ టార్గెట్టు కదలదు. చేరిన మొదటి నెల ఆవిడ దగ్గర ఊరి గురించి తెలుసుకోవడానికే వాడుకున్నవాళ్లు బాగుపడ్డారు, రిజిస్టర్లు తెరిపించి తప్పులు పట్టినవాళ్లు ఒంటరివాళ్లయ్యారు.

ఇప్పుడు ఆ ఏఎన్ఎం సంగతి. సబ్ సెంటర్ కింద మైదానంలో 5 వేల జనాభా. వెయ్యికి 16 పుట్టుకలు అనుకుందాం, అంటే ఏడాదికి 80 మంది గర్భిణులు, తలా నాలుగు చెకప్‌లు చొప్పున 320. ఆ 80 మంది పిల్లలకి పుట్టినప్పటి నుంచి టీకాలు, ఆరు, పది, పద్నాలుగు వారాలు, తొమ్మిదో నెల, ఏడాదిన్నర దాకా వెంటపడాలి. ముప్పై దాటినవాళ్లు జనాభాలో 37 శాతం అని ఎన్‌సీడీ (బీపీ, షుగరు లాంటి అంటని జబ్బుల) మార్గదర్శకాల లెక్క, అంటే 1,850 మంది, వాళ్లందరికీ బీపీ, షుగరు స్క్రీనింగ్. జ్వరాల సర్వే, టీబీ, కుష్టు, కుటుంబ నియంత్రణ ఇంకా కలపనే లేదు.

బుధవారం టీకాల రోజు చూడాలి. బీసీజీ (టీబీ రాకుండా వేసే టీకా) వయల్ తెరిస్తే నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారెయ్యాలి. ఉన్నది ఇద్దరే పిల్లలు, మూడో తల్లి పుట్టింటికి వెళ్లింది. తెరిస్తే వేస్టేజ్ ఎందుకయిందని అడుగుతారు, తెరవకపోతే బిడ్డకెందుకు వెయ్యలేదని అడుగుతారు. టీకా వెయ్యడానికి ఐదు నిమిషాలు, యాప్‌లో ఎక్కించడానికి అంతకు రెండింతలు. ఆభా ఐడీ (ఆరోగ్య రికార్డుల నంబరు) చెయ్యమంటే ఓటీపీ పోయేది బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనుకి, అతనేమో పనిలో ఉంటాడు, ఎత్తడు. ఇక రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ గ్రూపులో "పెండింగ్ ఎంట్రీలు ఈ రోజే పూర్తి చెయ్యాలి" అని మెసేజ్. వండుతూ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను. ఈ ఎంట్రీల పనిని సబ్ సెంటర్ లెక్కలోంచి తీసేసి ఒక ఆపరేటరుకి అప్పగిస్తే సగం భారం దిగిపోతుంది, ఎందుకో ఎవరూ ఆ పని చెయ్యరు.

కాబట్టి కొత్తగా చదువు అయినవాళ్లు, కాన్పులు బాగా జరిగే పీహెచ్‌సీ దొరికితే రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చెయ్యండి. కష్టమే, కానీ ఆ చెయ్యి తర్వాత ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుండి, రాత్రుళ్లు చూసేవాళ్లు లేకపోతే ఎంఎల్‌హెచ్‌పీయే నయం, కాంట్రాక్టు అన్న బెంగ ఉంటుంది, అది మీకు మీరు తేల్చుకోవాలి. ఏఎన్ఎం పోస్టు రెగ్యులర్‌గా వస్తే వదలొద్దనే అంటా, ముందుకెళ్తే సూపర్‌వైజర్ ప్రమోషన్ ఉంది, కాకపోతే మంచి ఆశా కార్యకర్త దొరికిన ఊరు కోరుకోండి.

ఆప్షన్ పెట్టే ముందు ఒకసారి ఆ పీహెచ్‌సీకి వెళ్లి ఫార్మసిస్టునో ఆయానో పలకరించండి. నర్సులు కాగితం మీద ఎందరు, డ్యూటీ చేసేది ఎందరు, రాత్రి పూట ఆయా ఉంటుందా, సబ్ సెంటర్లో రెండో ఏఎన్ఎం ఉందా, 108 రావడానికి ఎంతసేపు పడుతుంది, ఇవి అడగండి. కౌన్సెలింగ్‌లో చూపించే ఖాళీల లిస్టులో ఇవేమీ ఉండవు.