బందరు వెళ్తే పెడన కూడా చూసి రండి

విజయవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లే. బస్సులకి కొదవ లేదు. అందుకే చాలామంది పొద్దున్నే వెళ్లి, మంగినపూడిలో సముద్రస్నానం చేసి, చీకటి పడేలోగా ఇంటికి చేరిపోతారు. మేమూ ఇన్నేళ్లూ అదే చేశాం. ఈసారి మాత్రం రెండు రోజులు ఉన్నాం.

బస దగ్గరే మొదటి ఇబ్బంది వచ్చింది. ఫోన్‌లో ఫొటోలు చూసి ఏసీ రూమ్ బుక్ చేస్తే, తీరా వెళ్లాక వేరే గది చూపించారు. ఏసీ పనిచెయ్యదు, బాత్రూమ్‌లో కుళాయి కారుతోంది. గంటసేపు టెన్షన్ పడి వేరే చోటికి మారాం. గది కళ్లతో చూశాకే డబ్బు కట్టండి.

మంగినపూడిలో తెల్లటి ఇసుక ఉండదు, నల్లమట్టి తీరం. నీళ్లు బురదగా ఉన్నాయని మా పిల్లలు మొహం ముడుచుకున్నారు. సూర్యోదయానికి వెళ్తే మాత్రం హాయిగా ఉంటుంది. చిలకలపూడి పాండురంగస్వామి గుడి ఊళ్లోనే, సాయంత్రం గంటలో చూసి రావచ్చు.

బందరు కోట చూస్తే మనసు కలుక్కుమంది. 1611లో ఇంగ్లీషువాళ్లు వ్యాపారం కోసం దిగిన రేవు ఇది. వాళ్లకంటే ముందే డచ్చివాళ్లు వచ్చారు, తర్వాత ఫ్రెంచివాళ్లూ వచ్చారు. 1864 తుపానులో సముద్రం ఊరి మీద పడి దాదాపు 30 వేలమంది పోయారు. ఇంత జరిగిన చోట ఇప్పుడు గంటస్తంభం, ఆయుధాగారం, చుట్టూ పిచ్చిమొక్కలు. ఏది ఏమిటో చెప్పేవాళ్లు ఎవరూ కనబడలేదు. డచ్చి సమాధుల మీద రాళ్లలో చెక్కిన అక్షరాలు మాత్రం చేత్తో తడిమితే ఇంకా ఉబ్బెత్తుగా తగులుతాయి.

ఇన్ని దేశాలవాళ్లు ఇక్కడికి ఎందుకు వచ్చారో పెడనలో అర్థమైంది. కలంకారీ గుడ్డలు అద్దే ఊరది, బందరు నుంచి ఆటోలో దగ్గరే. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ లేత పసుపు రంగులో బల్ల మీద పరిచి ఉంది. అద్దకం చేసే ఆయన చెక్క అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్కటి కొట్టాడు. తుప్పు ఇనుము, బెల్లం వారాల తరబడి ఊరబెట్టిన నీళ్లట అవి. కరక్కాయ తగలగానే నల్లబడ్డాయి. పటిక అద్దిన చోట అప్పటికి ఏమీ కనిపించలేదు. రంగునీళ్లలో ఉడికించాకే అక్కడ ఎరుపు తేలుతుందట. ఒకప్పుడు ఓడలెక్కి పోయింది ఈ గుడ్డే. మేం గంట అనుకుని వెళ్లి మూడు గంటలు కూర్చున్నాం. స్క్రీన్ ప్రింట్లు కూడా కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు, అచ్చు అద్దకమా అని అడిగి కొనండి.

తిరుగు ప్రయాణంలో బందరు లడ్డు కట్టించుకున్నాం. శనగపిండితో పూస వేసి, రోట్లో దంచి, బెల్లం పాకంతో చుడతారు కాబట్టే దీన్ని తొక్కుడు లడ్డు అంటారు. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. మా అమ్మకి మాత్రం పెడన దుప్పటే నచ్చింది. నీడలో ఆరెయ్యమని అద్దకం ఆయన చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, వరండాలోనే ఆరేస్తోంది.